కాబూలీ పలావు

కాబూలీవాలా పేరు వినని వాళ్ళు మనలో అరుదు. రవీంద్రనాథ్ టాగూరు 1892లో రాసిన కథ అది. బడిలో పాఠంగా చదువుకున్న వాళ్ళున్నారు, 1961లో వచ్చిన హిందీ సినిమాలో బలరాజ్ సహానీని చూసి కళ్ళు తుడుచుకున్న వాళ్ళున్నారు. భుజాన సంచి, చేతిలో ద్రాక్ష, బాదం పప్పు. చిన్నపిల్ల మినీకి గుప్పెడు పెట్టి మురిసిపోతాడు ఆ రహమత్. ఆ కథ ఎన్నిసార్లు చదివినా నాకొక సందేహం మిగిలిపోయేది. పరాయి దేశంలో, పరాయి పిల్లకి ఇంత ప్రేమగా పెట్టే మనిషి, మనం వాళ్ళింటికి వెళితే ఏం పెడతాడు? ఆ ఎండు ద్రాక్షని వాళ్ళు మనలాగా పాయసంలో వేసుకుంటారా, ఊరికే నోట్లో వేసుకుంటారా? కథలో ఆ సంగతి లేదు. ఆడవాళ్ళకి తప్ప ఇలాంటి సందేహాలు రావంటారు మావారు.

నా సందేహం తీరడానికి చాలా కాలం పట్టింది. 2019లో మా పక్క వాటాలోకి ఒక ఆఫ్ఘన్ దంపతులు అద్దెకు దిగారు. మేముండేది తార్నాకలో. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి ఆ దేశం నుంచి విద్యార్థులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నారు గనుక మా పేటలో అదేమంత వింత కాదు. అతను పై చదువు చదివేవాడు. ఆమె కాబూలులో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతూ, ఆ పని మానుకుని భర్త వెంట వచ్చింది. ఆమె పేరు నేనిక్కడ చెప్పను. ఆమె వాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారు. చెప్పకపోవడమే మంచిది.

మా ఇద్దరికీ మాట ఎలా కలిసిందంటారా? ఆమె పుట్టింది పెషావరులో. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్థాన్‌లో ప్రవేశించాక, పదేళ్ళలో అరవై లక్షల మందికి పైగా జనం ఇల్లూ వాకిలీ వదులుకుని పాకిస్తాన్‌కీ, ఇరాన్‌కీ వెళ్ళిపోయారు. వాళ్ళలో ఆమె తల్లిదండ్రులూ ఉన్నారు. అందుచేత ఆమెకి పెషావరు ఉర్దూ వచ్చు. నాకేమో పాలవాడితోనూ, కూరగాయల బండివాడితోనూ బేరమాడగా ఆడగా అబ్బిన హైదరాబాదు ఉర్దూ వచ్చు. ఆ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి! ఆమె నన్ను ‘ఖాలా జాన్’ అనేది. అంటే పిన్ని అన్నమాట. ‘జాన్’ అన్నది ప్రేమకొద్దీ తగిలించే మాట.

ఒకరోజు పప్పుచారులో ఇంగువ పోపు వేస్తుంటే ఆ వాసన గోడ దాటి వెళ్ళింది కాబోలు, వచ్చి గుమ్మంలో నిలబడింది. “ఖాలా జాన్, ఇది మా దేశం వాసనే కదా? మీరు దీన్ని తింటారా!” అని ఆశ్చర్యపోయింది. నిజమేనండి. మన ఇళ్ళల్లో వాడే ఇంగువలో ఎక్కువ భాగం వచ్చేది ఆఫ్ఘనిస్థాన్ కొండల మీదనుంచే. 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో నాటేదాకా, మన దేశంలో ఇంగువ మొక్కని పంటగా వేసిన వాళ్ళే లేరు. తమాషా ఏమిటంటే, అంత ఇంగువ పండించే దేశంలో వంటల్లో దాని వాడకం మాత్రం చాలా తక్కువ. వాళ్ళ పంట మన పోపులో మాయమైపోతోందని వాళ్ళకి తెలియదు, మన పోపు ఎక్కడిదో మనకి తెలియదు. ఆవేళే నేను అడిగాను, మరి మీ ఇంటికి చుట్టం వస్తే ఏం వండుతారమ్మా అని. ఆలోచించకుండా చెప్పేసింది. పలావు.

పలావు మనకి తెలియనిదా అనుకుంటున్నారు గదూ? నేనూ అలాగే అనుకున్నాను. మనం పలావు అంటే బఠాణీలూ, బీన్సూ, లవంగాలూ వేసి కుక్కర్లో మూడు కూతలు కూయించేస్తాం. వాళ్ళకి అన్నమంటే రెండు జాతులు. నీళ్ళలో వండి వార్చి, నేతితోనో నూనెతోనో మగ్గబెట్టే తెల్లన్నం ‘చలావ్’. దాన్ని కూరతో కలుపుకుంటారు. మాంసం ఉడికిన రసంతో రంగూ రుచీ పట్టించి మగ్గబెట్టేది ‘పలావ్’. ఈ పలావుల్లో మళ్ళీ ఎన్నో రకాలు. నారింజ తొక్కల్ని సన్నగా తరిగి, చేదు పోయేదాకా ఉడికించి వేసేది ఒకటి. పాలకూరతో పచ్చలాగా మెరిసేది ఇంకొకటి. ఇవి కాక పెసలూ బియ్యమూ కలిపి మెత్తగా ఉడికించి, ఎండబెట్టిన పెరుగుని కరిగించి పోసుకునే ‘కిచిరీ కురుత్’ అనేది ఒకటుంది. పేరు విన్నారుగా, మన కిచిడీకి స్వయానా అక్కో చెల్లెలో అయివుండాలి.

అన్నిటిలోకీ మకుటం లేని మహారాణి మాత్రం కాబూలీ పలావు. ఆఫ్ఘనుల జాతీయ వంటకమని పేరు. ఎర్రటి మాంసపు రసంలో మగ్గిన పొడుగు బియ్యం, పైన పంచదారలో వేయించిన క్యారెట్టు తురుము లాంటి ముక్కలూ, నూనెలో ఉబ్బిన ఎండు ద్రాక్షా, బాదం పిస్తా పలుకులూ. కారమన్నది లేదు. పసుపు లేదు. ఇది వినగానే మన నాలుక ముడుచుకుపోతుంది, నాకు తెలుసు. కొంచెం ఓపిక పట్టండి.

ముందు ఒక సంగతి గమనించాలి. ఆ దేశంలో రోజూ తినేది అన్నం కాదు, రొట్టె. తందూరులో కాల్చిన గోధుమ నాన్, దానితో తేనీరు. కుందూజ్, బగ్లాన్, నంగర్హార్, లగ్మాన్ వంటి కొన్ని ప్రాంతాల్లో వరి పండుతుంది గాని, చాలా ఇళ్ళల్లో బియ్యమంటే ఖర్చుతో కూడిన వ్యవహారం. పైగా మాంసం. ఆ పైన బాదం పప్పు. అందుచేత పలావు పొయ్యి మీదికి ఎక్కిందంటే ఇంటికెవరో వచ్చారన్న మాట. మనకి ఒకప్పుడు ఇంటి ముందు చాప పరిచి అరిసెల పాకం పట్టారంటే వీధి వీధంతా తెలిసిపోయేది చూశారూ, అలాగన్న మాట.

ఆ అన్నం వండే తీరు మన పెద్దవాళ్ళు చూస్తే సంతోషిస్తారు. ఎందుకంటే కుక్కర్లు వచ్చాక మనం మరచిపోయిన గంజి వార్చడమే దానికి ప్రాణం. బియ్యాన్ని కనీసం రెండు గంటలు నానబెడతారు. వాళ్ళు ఎక్కువగా వాడేది ‘సేలా’ అనే పొడుగు బియ్యం. తీరా చూస్తే అది బాస్మతిని ఉప్పుడు బియ్యం చేసినదే! మన తాతలనాటి ఉప్పుడు బియ్యాన్ని మొరటుదని తీసిపారేశాం గాని, గింజ విరగకుండా నిలబడేది దాని వల్లేనని కాబూలు వాళ్ళకి తెలుసు.

బియ్యం నానుతూండగా రసం సంగతి చూస్తారు. రెండు పెద్ద ఉల్లిపాయలు తరిగి నూనెలో వేయిస్తారు. ఇక్కడే ఉంది కిటుకంతా. మనం ఎర్రబడగానే దింపేస్తాం. వాళ్ళు ఇంకా ఉంచుతారు. మాడుతుందేమోనని పక్కనున్న వాళ్ళ గుండె కొట్టుకునేదాకా ఉంచుతారు. గోధుమరంగు దాటి, చింతపండు రంగుకి వచ్చి, మాడడానికి ఒక్క క్షణం ముందు మాంసం ముక్కలు వేసి, అవి రంగు మారాక నీళ్ళు పోస్తారు. పలావుకి వచ్చే ఆ బంగారు మట్టి రంగు ఆ ఉల్లిపాయలదే. ఒక్క క్షణం ముందైతే అన్నం పాలిపోతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే చేదెక్కుతుంది. ఆమె ఆ క్షణాన్ని కంటితో కాదు, వాసనతో పట్టుకునేది. మాట్లాడుతూ మాట్లాడుతూ చటుక్కున ఆగి పొయ్యి దగ్గరికి పరుగెత్తేది.

మసాలా అంటే జీలకర్ర, ఏలకులు, లవంగాలు, దాల్చిన చెక్క. అన్నీ కలిపి పొడి కొట్టుకుంటారు, అదీ చెంచాడు మించదు. మాంసం మెత్తబడ్డాక ముక్కలు తీసి పక్కన పెట్టి, ఆ రసంలో ఉల్లిపాయల్ని మెదిపేస్తారు. ఇంకో పొయ్యి మీద క్యారెట్లు. అగ్గిపుల్లలంత పొడవూ, అంత సన్నమూ తరగాలి. తురిమితే పనికిరాదు, ముద్దయిపోతుంది. అరకిలో బియ్యానికి పావుకిలో క్యారెట్లు, వంద గ్రాముల ఎండు ద్రాక్ష చాలు. క్యారెట్టు ముక్కల మీద చెంచా పంచదార చల్లి నూనెలో మెల్లగా వేయిస్తే చివరలు కాస్త ఎర్రబడి మెరుస్తాయి. ఆ నూనెలోనే ద్రాక్ష వేస్తే బుడగల్లా ఉబ్బుతుంది. ఉబ్బగానే తీసెయ్యాలి.

ఇక పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, ఉప్పు వేసి, నానిన బియ్యం పోసి, పలుకు మీద ఉండగానే వార్చేస్తారు. ఆ అన్నాన్ని రసంతో కలిపి, ఒక పక్క మాంసం, ఒక పక్క క్యారెట్టూ ద్రాక్షా మూటలా కట్టి పెట్టి, మూత బిగించి సన్నని సెగ మీద ముప్పావు గంట మగ్గనిస్తారు. మన హైదరాబాదులో దమ్ము అంటామే, అదే. పెళ్ళిళ్ళలో అయితే మగ వంటవాళ్ళు పెద్ద పెద్ద డేగిశాల్లో కట్టెల పొయ్యి మీద వండి, మూత మీద కూడా నిప్పులు పోస్తారు. ఇళ్ళల్లో ఈ పని ఆడవాళ్ళదే.

క్యారెట్ల విషయం వచ్చింది గనుక ఒక ముక్క చెప్పాలి. మనం క్యారెట్టుని ఇంగ్లీషు కూరగాయల్లో వేసి, దొరల వెంట వచ్చిందనుకుంటాం. నిజానికి మనిషి క్యారెట్టుని మొట్టమొదట పంటగా పెంచింది ఆఫ్ఘనిస్థాన్, దాని చుట్టుపక్కల మధ్య ఆసియా ప్రాంతాల్లోనే అని శాస్త్రజ్ఞులు చెబుతారు. అప్పటి క్యారెట్లు ఊదారంగువీ, పసుపు రంగువీనట. ఇప్పుడు మనం చూసే నారింజ రంగు తర్వాత ఐరోపాలో వచ్చింది. క్యారెట్టు వేసిన పలావులు ఆ ప్రాంతమంతటా ఉన్నాయి. 2016లో ఉజ్బెకిస్థాన్ పలావునీ, తజికిస్థాన్ పలావునీ యునెస్కో వారు మానవజాతి సంస్కృతి సంపద జాబితాలో చేర్చారు. మా పొరుగామెకి ఈ వార్త చెబితే, “వాళ్ళ పలావు కూడా బాగానే ఉంటుందిలెండి” అంది. పక్క జిల్లా వాళ్ళ ఆవకాయ గురించి మనం అనమూ, అచ్చం అలాగ!

ఎండు ద్రాక్షకి వేరే కథ ఉంది. కాబూలుకి ఉత్తరాన షొమాలీ అనే మైదానముంది. ద్రాక్షతోటలకి పెట్టింది పేరు. ఆమె అమ్మమ్మగారిది ఆ ఊళ్ళే. అక్కడ పచ్చ ద్రాక్షని ఎండలో ఎండబెట్టరట. గోడలనిండా సన్నని కంతలున్న మట్టి ఇళ్ళు కట్టి, లోపల నీడలో గుత్తులు వేలాడదీస్తారు. గాలి ఆడుతూ ఆడుతూ నెమ్మదిగా ఆరిపోతుంది, ఆకుపచ్చ రంగు పోదు. తాజా ద్రాక్షని కూడా మట్టి మూకుళ్ళలో పెట్టి, పైన ఇంకో మూకుడు బోర్లించి, మట్టితోనే మెత్తేసి నెలల తరబడి దాచుకుంటారు. నడి శీతాకాలంలో పగలగొడితే లోపల పండ్లు కోసినప్పటిలాగే ఉంటాయి. ఫ్రిజ్ లేదు, కరెంటు లేదు. హిందూదేశాన్ని గెలిచిన బాబరుకి ఇక్కడ అన్నీ దొరికాయి గాని మంచి ద్రాక్షా, ఖర్బూజా దొరకలేదని దిగులు. కాబూలు నుంచి వచ్చిన ఖర్బూజా కోస్తూ ఏడ్చానని స్వయంగా రాసుకున్నాడు. ఆయన సమాధి కూడా చివరికి కాబూలుకే చేరింది.

ఆ షొమాలీ తోటల్ని 1999లో తాలిబాన్లు నాశనం చేశారు. ఇళ్ళు తగలబెట్టారు, ద్రాక్ష తీగల్ని నరికేశారు, నీటి కాలువలు పాడుచేశారు. పెషావరులో ఉన్న ఆమె తల్లికి ఆ వార్త చేరినప్పుడు, తమ ఇల్లు పోయిందని కాదట, “ఇక పలావులోకి ఎవరి ద్రాక్ష కొనుక్కోవాలి?” అని ఏడ్చిందట. విన్నప్పుడు ఇదేం ఏడుపనిపించింది నాకు. మా నాయనమ్మ ఊరు వదిలి బస్తీకి వచ్చేసిన రోజున కరివేపాకు కొనుక్కోవడమేమిటని కంట నీరు పెట్టుకున్న సంగతి తర్వాత జ్ఞాపకం వచ్చింది.

పేరు గురించి చెప్పనే లేదు. కాబూలు ఊరి పేరు మీద కాబూలీ అయిందని మనకి తోస్తుంది. చాలామంది అలాగే అంటారు. ఆమె మాత్రం ఒప్పుకోలేదు. “కాబూలీ కాదు ఖాలా జాన్, ఖాబిలీ” అని దిద్దేది. కాబూలులో ఉన్నది మామూలు ‘క’. ఇందులో ఉన్నది గొంతు అడుగునుంచి పలికే వేరే అక్షరం. మన హైదరాబాదు వాళ్ళు దాన్ని ‘ఖ’ చేసేస్తారు. ‘ఖాబిల్’ అంటే సమర్థుడు, సమర్థురాలు. ఈ పలావు గింజ గింజకీ అంటకుండా, మాడకుండా, ముద్ద కాకుండా వండగలిగితే ఆ మనిషి సమర్థురాలన్న మాట. రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి. నాకైతే ఈ రెండో పేరు ఎంతగానో నచ్చింది. ఎంత గౌరవం చూడండి, వంటకి పేరు పెట్టి వండిన ఇల్లాలిని మెచ్చుకున్నారు అని పొంగిపోయాను. ఆ పొంగు ఎంతవరకు నిలిచిందో చెబుతాను.

2021 ఆగస్టు 15న కాబూలు మళ్ళీ తాలిబాన్ల చేతికి వచ్చింది. ఆ రోజున మన వీధుల్లో జెండాలు ఎగురుతున్నాయి, పిల్లలు బిళ్ళలు చప్పరిస్తున్నారు. పక్క వాటాలో టెలివిజన్ ఎదుట వాళ్ళిద్దరూ కొయ్యబారి కూర్చున్నారు. ఆ తర్వాత ఇంటినుంచి డబ్బు రావడం ఆగిపోయింది. బ్యాంకుల్లో ఉన్నది తీసుకోవడమే వాళ్ళవాళ్ళకి కష్టమైంది. తిరిగి వెళ్ళడానికి వీల్లేదు, ఉండడానికి చేతిలో లేదు. మా మేడమీది వాళ్ళమూ, కింది వాళ్ళమూ తలా కాస్త వేసుకుని బియ్యం, పప్పు, నూనె, గోధుమపిండి తీసుకుని వెళ్ళి ఇచ్చాం. తల వంచుకుని తీసుకుంది. మనసు చివుక్కుమన్నా, మంచి పనే చేశామనుకున్నాం.

సంక్రాంతి వెళ్ళిన వారానికి వచ్చి, “ఆదివారం రాత్రి మా ఇంట్లో భోజనం” అని పిలిచింది. నాకు నిజంగా కోపం వచ్చింది. “అద్దెకి తడుముకుంటూ ఇప్పుడు విందులేమిటే తల్లీ!” అనేశాను. ఆమె నొచ్చుకోలేదు. “మీరిచ్చింది తీసుకున్నాను గదా ఖాలా జాన్. నేను పెట్టకపోతే ఎప్పటికీ పుచ్చుకునేదాన్నిగానే మిగిలిపోతాను. నాకూ ఒక ఇల్లుందని నాకనిపించాలి” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. వస్తామన్నాను. మేము మాంసం తినమని ఆమెకి ముందే తెలుసు.

వెళ్ళాం. నేల మీద పరుపులు వేసి, గోడకి దిళ్ళు ఆనించి, గుమ్మానికి ఎక్కువ దూరంలో ఉన్న మూల మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. గౌరవనీయులకి గుమ్మానికి దూరంగా చోటివ్వడం వాళ్ళ మర్యాద. ఆమె భర్త ఒక చెంబూ, పళ్ళెమూ పట్టుకొచ్చి మా చేతుల మీద నీళ్ళు పోశాడు. దీనికి వాళ్ళ ఇళ్ళల్లో కూజా, పళ్ళెం ప్రత్యేకంగా ఉంటాయట, ఇంట్లో చిన్నవాడు ఆ పని చేస్తాడట. తర్వాత నేల మీద పొడవాటి గుడ్డ పరిచారు. దాన్ని దస్తర్‌ఖాన్ అంటారు. పెరుగు, ఉల్లిపాయా టమాటా ముక్కలు, నాన్ అమర్చి, మధ్యలో పెద్ద పళ్ళెం నిండా కొండలాగా పోసిన పలావు తెచ్చి పెట్టింది. వాళ్ళ ఇళ్ళల్లో ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని కుడిచేత్తో తింటారు. మాకోసం వేరే కంచాలు పెట్టారు లెండి.

ఆ కొండలో ఒక రహస్యముంది. మాంసం పైకి కనబడదు. ముక్కలన్నీ పళ్ళెం మధ్యలో పెట్టి, పైన అన్నం గుమ్మరించి కప్పేస్తారు. పైన క్యారెట్టూ ద్రాక్షా చల్లుతారు. అతిథి తింటూ తింటూ పోతే అడుగున అసలు సరుకు బయటపడుతుంది. బయటపడగానే ఇంటాయన మంచి ముక్కలన్నీ ఏరి అతిథి వైపు తోస్తాడు. మనం వద్దంటాం, వాళ్ళు ఒప్పుకోరు. ‘నోషె జాన్’ అంటారు, మీ ప్రాణానికి హాయి చేయాలని. హెలెన్ సబేరి అని ఒక ఆఫ్ఘన్ ఇంటి కోడలు, ఇంగ్లీషావిడ, 1986లో ఆ దేశపు వంటల మీద రాసిన పుస్తకానికి ఈ మాటే పేరు పెట్టింది.

మరి మాంసం తినని మాకు ఆ కొండ కింద ఏముంటుంది? ఏమీ ఉండదనుకుంటూ తింటున్నాను. రసం కూడా ఉల్లిపాయలతోనే తీసి మాకోసం వేరే గిన్నెలో వండింది. అన్నం తియ్యగా లేదండి. అదే నాకు వింత. ఉప్పటి అన్నంలో అక్కడక్కడ ఒక ద్రాక్ష తగిలినప్పుడు మాత్రం తీపి. బాదం, పిస్తా లేవు. కొనలేదని అర్థమైంది. ఆ ద్రాక్ష మాత్రం వాళ్ళ అమ్మ 2019లో డబ్బాలో పోసి పంపినదాంట్లో మిగిలిన చివరి గుప్పెడట. నాలుగు ముద్దలయ్యాక నా చేతికి మెత్తగా ఏదో తగిలింది. చూస్తే వంకాయ! గుండ్రంగా తరిగి నూనెలో వేయించిన వంకాయ ముక్కలు, అన్నం కింద పేర్చి ఉన్నాయి. వాళ్ళ దేశంలో వేయించిన వంకాయ మీద వెల్లుల్లి పెరుగు పోసుకుంటారు గాని, పలావు కింద దాచే ఆచారం ఎక్కడా లేదు. “కింద ఏదో ఒకటి దొరకాలి కదా. మీవాళ్ళకి వంకాయంటే ప్రాణమని అంకుల్ ఒకసారి అన్నారు” అంది. మావారు ఆ మాట ఎప్పుడన్నారో ఆయనకే జ్ఞాపకం లేదు.

ఆమె మాత్రం మాతో కూర్చోలేదు. వడ్డిస్తూ, గుమ్మం దగ్గర నిలబడి మేం తినడం చూస్తూ ఉండిపోయింది. సంప్రదాయపు ఇళ్ళల్లో మగ అతిథులకి వేరే గది ఉంటుంది, వండిన ఆడవాళ్ళు ఆ గదిలోకి రారు. పలావు బాగుందన్న మాట కూడా వాళ్ళకి తలుపు అవతలనుంచి వినబడాల్సిందే. మనం కూడా మొన్న మొన్నటిదాకా మగవాళ్ళ పంక్తి లేచాక ఎంగిలాకులు తీసి కూర్చున్న వాళ్ళమే కదా. అందుకని నేనేమీ అనలేదు. లేచి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టాను. కూర్చుంది.

తేనీళ్ళప్పుడు, కడుపు నిండిన సంతోషంలో, “ఎంతైనా నువ్వు ఖాబిల్‌వి తల్లీ, పేరు నిలబెట్టావు” అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. కాసేపటికి చెప్పింది. కాబూలులో ఆమెకొక చెల్లెలుంది. తొమ్మిదో తరగతి చదువుతూండగా బడి మూసేశారు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకి బడి లేదన్నారు. ముందు రోజు రాత్రి తల్లి ఫోను చేసి, “నువ్వేం దిగులు పడకు. నేను దీనికి ఖాబిలీ నేర్పుతున్నాను. ఉల్లిపాయ రంగు అచ్చం నీలాగే పట్టుకుంటోంది” అని చెప్పిందట. వెనకనుంచి చెల్లెలు, “అక్కా, నేనిప్పుడు సమర్థురాలినైపోయాను, ఇంక పుస్తకాలు అమ్మేయమంటావా?” అని నవ్విందట. ఆ నవ్వు తనకి నిద్రపట్టనివ్వలేదంది.

నేనేం మాట్లాడను? ఎంతో గౌరవమైన పేరని నేను మురిసిపోయిన మాట, ఆ పధ్నాలుగేళ్ళ పిల్ల నోట ఎత్తిపొడుపైపోయింది. పిల్లకి వంట నేర్పిన తల్లిదీ తప్పు కాదు. ఆ ఇంట్లో నేర్పడానికి ఆవిడ చేతిలో మిగిలింది అదొక్కటే. “పుస్తకాలు అమ్మొద్దని చెప్పావా?” అని మాత్రం అడిగాను. చెప్పానంది. ఆ మరుసటి నెలనుంచి రోజూ రాత్రి ఫోనులో చెల్లెలికి లెక్కల పాఠం చెప్పడం మొదలుపెట్టింది. గోడ ఇవతలికి నాకు వినబడేది. భాష తెలియకపోయినా, పిల్ల లెక్క తప్పు చేసిందో ఒప్పు చేసిందో గొంతునుబట్టి పోల్చుకునేదాన్ని. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల్లోకి కూడా ఆడపిల్లలు రాకూడదన్నారు. ఆ రాత్రీ పాఠం ఆగలేదు.

2023లో అతనికి వేరే దేశంలో అవకాశం వచ్చి వెళ్ళిపోయారు. సామానంతా అయినకాడికి అమ్మేసి, అన్నం వార్చే చిల్లుల పళ్ళెం మాత్రం నాకిచ్చి వెళ్ళింది. చెల్లెలు ఇంకా కాబూలులోనే ఉంది.

మీలో ఎవరికైనా వండి చూడాలనిపిస్తే, శాకాహారులు మాంసపు రసానికి బదులు, ఇందాక చెప్పినట్టు ఉల్లిపాయల్ని బాగా రంగు తెప్పించి, నీళ్ళు పోసి మసాలా పొడి వేసి పావుగంట మరగనివ్వండి. రసం సరిపోతుంది. క్యారెట్టు తురమకండి, కత్తితోనే తరగండి. అన్నం వార్చాక కుక్కర్లో పెట్టకండి, అడుగు మందమైన గిన్నెలో పెట్టి మూతకి గుడ్డ చుట్టండి. తినేటప్పుడు పక్కన పెరుగుంటే మంచిది. కింద ఏం దాచాలన్నది మీ ఇంటికి వచ్చిన వాళ్ళనుబట్టి మీరే చూసుకోండి. మా కోడలు మొన్న బంగాళదుంపలు దాచింది, పిల్లలు తవ్వుకుని తిన్నారు. మావారు మాత్రం రెండు పచ్చిమిరపకాయలు పడితే ఇంకా బాగుండేదన్నారు. మొదటిసారి మాత్రం వెయ్యకండి సుమా. రెండోసారి మీ ఇష్టం.